ఫారిన్ లైను మీద పడ్డ నింద: పాలమూరు–నల్లగొండ బ్రాయిలర్ ఫారాల్లో ఇన్‌క్లూజన్ బాడీ హెపటైటిస్ కేసు

చిట్యాల వైపు 6,000 బ్రాయిలర్ పిల్లల షెడ్డు. పదిహేనో రోజు దాకా రోజుకు నాలుగైదు పిల్లలు పోతున్నాయి. 16వ రోజు 22 పోయాయి. 17న 71, 18న 118, 19న 96, 20న 41, 21న 19. ఆరు రోజుల్లో మొత్తం 367, అంటే 6.1 శాతం. 22వ రోజుకు లెక్క మళ్లీ మామూలుకు వచ్చింది. పోయినవన్నీ ఒళ్లు చేసిన పిల్లలే. పొద్దున మేత తిన్నవి మధ్యాహ్నానికి ఈకలు విరబోసుకుని ఓ మూలకు చేరి, సాయంత్రానికి చచ్చిపడ్డాయి. దగ్గు లేదు, గురక లేదు, మెడ తిరగడం లేదు.

వారం తిరగకముందే నార్కట్‌పల్లి దగ్గర ఒక ఫారంలో, జడ్చర్ల, బాలానగర్ వైపు మరో రెండింటిలో ఇదే తీరు కనిపించింది. నాలుగూ ఒకే హ్యాచరీ పిల్లలు. షాద్‌నగర్ పరిసరాల్లోని పేరెంట్ మందలు ఆ హ్యాచరీకి గుడ్లిస్తాయి. ఆ పేరెంట్లను పెట్టిన గ్రాండ్ పేరెంట్ లైను, అంటే బ్రాయిలర్ పిల్లల అమ్మమ్మల తరం, ఏడాదిన్నర కిందట ఒకరోజు పిల్లలుగా విదేశం నుంచి శంషాబాద్ విమానాశ్రయంలో దిగింది. ఈ సంగతి తెలియగానే రైతుల దగ్గర, సూపర్‌వైజర్ల దగ్గర ఒకటే మాట: "ఫారిన్ లైనుతోనే వచ్చింది సార్."

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది ఏ ఒక్క ఫారం రికార్డూ కాదు. ఫౌల్ అడెనోవైరస్‌లతో కోడిపిల్లల లివర్ దెబ్బతినే ఇన్‌క్లూజన్ బాడీ హెపటైటిస్ ఇక్కడ ఎలా నడుస్తుందో, దర్యాప్తు ఏ వరసలో సాగాలో చూపడానికి కూర్చిన కేసు. ఫారాల లెక్కలు, పరీక్షల అంకెలు ఆ కూర్పులోవి. వైరస్ గుణాలు, పరీక్షల పద్ధతులు, అవి ఎక్కడ తప్పుతాయన్నవి ఉన్నవి ఉన్నట్టే.

బర్డ్ ఫ్లూ కాదని తేలాకే కత్తి

2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో, తర్వాత చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో హెచ్5ఎన్1 బయటపడింది. అందుకే ఈ ప్రాంతంలో ఉన్నట్టుండి మరణాలు పెరిగితే మొదటి ఫోన్ మండల పశువైద్యాధికారికే వెళ్లాలి. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు 2009లో వచ్చిన చట్టం ప్రకారం అది యజమాని బాధ్యత కూడా. షెడ్డు పక్కన బండమీద పెట్టి కోడిని కోయడం ఇక్కడ అందరికీ అలవాటే. అసలు ప్రమాదం అందులోనే ఉంది. అది నిజంగా బర్డ్ ఫ్లూ అయితే కోసినవాడికీ ముప్పు, పక్క ఫారానికీ ముప్పు.

ఈ కేసులో 17వ రోజునే గొంతు స్వాబ్‌లు, క్లోయకా (మలద్వారం) స్వాబ్‌లు తీసి, వైరస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టి, మూడు పొరల ప్యాకింగ్‌లో పశుసంవర్ధక శాఖ ద్వారానే పంపారు. బర్డ్ ఫ్లూను ఖరారు చేయాల్సింది భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ ల్యాబు. ఇన్‌ఫ్లుయెంజా ఎం జీన్ ఆర్‌టీ పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) నెగెటివ్ వచ్చేదాకా ఫారం నుంచి కోడి, ఎరువు, ట్రే ఏదీ బయటికి పోలేదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) పరీక్ష కూడా అదే శాంపిళ్లపై చేయించారు. అదీ నెగెటివే. ఆ తర్వాతే పోస్ట్‌మార్టం పళ్లెం బయటికి వచ్చింది.

పళ్లెంలో లివర్

తెల్ల ఎనామిల్ పళ్లెంలో ఎనిమిది పిల్లల లివర్లు వరసగా పెట్టి చూస్తే ఆరింటిది ఒకటే రూపం. లివర్ ఉబ్బి అంచులు మొద్దుబారాయి. రంగు ముదురు గోధుమ పోయి పాలిపోయిన పసుపుకు తిరిగింది. ఆ పసుపు మీద గుండుసూది మొనతో గుచ్చినట్టు రక్తపు చుక్కలు, అక్కడక్కడ జొన్నగింజంత మచ్చలు. బొటనవేలితో నొక్కితే ఉడికిన ఆలుగడ్డలా విరిగింది. మూత్రపిండాలు ఉబ్బి పాలిపోయాయి. మూడు పిల్లల్లో గుండె చుట్టూ సంచిలో గడ్డిరంగు నీరు ఉంది, సిరంజితో లాగితే 2 నుంచి 3 ఎం.ఎల్. వచ్చింది.

ఆ నీటిని చూసి చాలామంది వెంటనే "లీచీ డిసీజ్" అనేస్తారు. పొట్టు తీసిన లీచీ పండులా గుండె నీటిలో తేలుతుంది కాబట్టి మన దేశంలో హైడ్రోపెరికార్డియం సిండ్రోమ్‌కు ఆ పేరు వచ్చింది. 1987లో పాకిస్తాన్‌లోని అంగారా గోఠ్‌లో మొదట కనిపించిన ఆ జబ్బుకు కారణం ఫౌల్ అడెనోవైరస్ టైపు 4. అందులో 10 ఎం.ఎల్. దాకా నీరు చేరవచ్చు, ఎక్కువ పిల్లల్లో చేరుతుంది, మరణాలు కూడా చాలా ఎక్కువ. ఇక్కడ ఎనిమిదింట మూడింటిలోనే, అదీ కొద్దిగా ఉంది. లివర్ దెబ్బే ముందు కనిపిస్తోంది. టైపు 4ను ఖరారు చేసేసి ఆ టీకా తెప్పించి ఉంటే డబ్బు పోయేది, టైపు కలవక పనికొచ్చేదీ కాదు.

కొట్టేయాల్సినవి ఇంకా ఉన్నాయి. బర్సా (కోడిలో రోగనిరోధక శక్తినిచ్చే ఓ అవయవం) ఉబ్బలేదు, తొడ కండల్లో రక్తపు చారలు లేవు, కాబట్టి బర్సాను దెబ్బతీసే గంబోరో వైరస్ జబ్బు ముందు వరసలో లేదు. తొడ ఎముక నిలువునా చీల్చి మూలుగ చూస్తే ఆరింటిలో ఎరుపే, రెండింటిలో పాలిపోయి ఉంది. అందుకే చికెన్ ఇన్ఫెక్షియస్ అనీమియా పరీక్ష కూడా రాయాల్సి వచ్చింది. గంబోరో, అనీమియా వైరస్‌లు రోగనిరోధక శక్తిని కుంగదీసి అడెనోవైరస్ దెబ్బను పెంచుతాయి. అలాగని అవి ఉంటేనే ఈ జబ్బు వస్తుందని లేదు. టైపు 4, 8బి, 11 వంటివి ఒంటరిగానే చంపగలవు.

రైతు అనుమానం మక్కల మీద. వానకు తడిసిన మక్కలు వచ్చాయని, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషంతో లివర్ పోయిందని. అది తీసిపారేయాల్సిన మాట కాదు, అఫ్లాటాక్సిన్‌లోనూ లివర్ పసుపు తిరుగుతుంది. కానీ విషం మేతలో ఉంటే మరణాల గీత ఆరు రోజుల్లో ఎగసి పడదు. ఎదుగుదల కుంటుపడుతుంది, మేత మారేదాకా లాగుతూనే ఉంటుంది. దీన్ని తేల్చింది ఒక్క పోలిక. అదే మిల్లు, అదే బ్యాచ్ మేత, అదే రోజు అదే హ్యాచరీ నుంచి వెళ్లిన పిల్లలతో నకిరేకల్ వైపు ఇంకో ఫారం ఉంది. అక్కడ రోజుకు మూడు, నాలుగుకు మించి పోలేదు. ఈ ఐదో ఫారం ఈ కేసులో చివరిదాకా పనికొచ్చింది. జబ్బు వచ్చిన ఫారాలను మాత్రమే చూసే దర్యాప్తుకు ఇలాంటి సాక్షి దొరకదు.

శాంపిల్ దగ్గరే సగం కేసులు చెడేది

మే నెలలో నల్లగొండ షెడ్డులో చచ్చిన కోడి నాలుగైదు గంటల్లోనే లోపల కుళ్లడం మొదలవుతుంది. రాత్రి చచ్చినవి పొద్దున పదింటికి కోస్తే లివర్ పచ్చబారి ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద కణాల గోడలే కనిపించవు. చావుకు దగ్గరగా ఉన్న ఐదారు పిల్లలను ఎంచి, మానవీయంగా చంపి, వెంటనే తీయాలి.

ప్రతి పిల్ల లివర్‌నూ రెండు భాగాలు చేయాలి. హిస్టాలజీకి (కణాలను సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్షకు) వెళ్లే ముక్క 5 మిల్లీమీటర్ల మందం మించకూడదు. ముక్కకు పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ఉండాలి. లివర్ మొత్తం సీసాలో కుక్కితే పైన ఫార్మలిన్ పట్టి లోపల కుళ్లుతుంది. హిస్టాలజీ ముక్కను ఫ్రీజర్‌లో పెట్టడం ఇంకో తప్పు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. పీసీఆర్‌కు వెళ్లే ముక్కకు ఫార్మలిన్ తగలకూడదు. అదే కత్తెరతో ముందు ఫార్మలిన్ ముక్క కోసి తర్వాత పీసీఆర్ ముక్క కోయడం తరచూ జరిగే పొరపాటు. వరస తిప్పాలి: ముందు పీసీఆర్, తర్వాత ఫార్మలిన్. ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు పోయేటప్పుడు కత్తెర తుడిచి స్పిరిట్ మంటలో కాల్చాలి.

లివర్‌తో పాటు ప్లీహం, బర్సా, థైమస్, పేగు దగ్గరి సీకల్ టాన్సిల్ విడివిడిగా తీయాలి. అన్నీ కలిపి ఒకే సంచిలో వేస్తే తర్వాత పాజిటివ్ ఎక్కడిదో తేలదు. దానివల్ల ఏం పోతుందో పీసీఆర్ దగ్గర కనిపిస్తుంది.

రాజేంద్రనగర్ ల్యాబు దాకా ఐసు నిలవదనుకుంటే, శాంపిల్ అద్ది పంపే ఎఫ్‌టీఏ కార్డు వాడాలి. లివర్ కోసిన ముఖాన్ని కార్డు గుండ్రం మీద అద్ది, గంటసేపు నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో కవరులో వేస్తే మామూలు ఎండాకాలపు వేడిలోనూ డీఎన్ఏ నిలుస్తుంది. కార్డులోని రసాయనం వైరస్‌ను చంపేస్తుంది కాబట్టి దారిలో భయం కూడా తగ్గుతుంది. తడి ఆరకుండా కవరు మూస్తే మాత్రం బూజు పడుతుంది. ఇంకో సంగతి, ఆ కార్డు నుంచి వైరస్‌ను మళ్లీ పెంచలేరు. పెంచాలనుకుంటే ఐసులో పెట్టిన లివర్ కూడా కావాలి.

హిస్టాలజీలో లివర్ కణాల కేంద్రకాల లోపల నీలిరంగు ఇన్‌క్లూజన్ బాడీలు కనిపించాయి. జబ్బు పేరు వీటి నుంచే వచ్చింది.

పాజిటివ్ అన్న మాటకు అర్థం

అడెనోవైరస్ పీసీఆర్‌లో ఎక్కువగా వాడేది వైరస్ పైతొడుగు ప్రొటీన్ హెక్సాన్ జీన్‌లోని ఎల్1 లూప్ అనే ముక్క. ఒక ప్రైమర్ జతతో 897 బేసుల (డీఎన్ఏ అక్షరాల) ముక్క వస్తుంది. లివర్‌ను పది, ఇరవై శాతం మెత్తటి ద్రవంగా నూరి, మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట నుంచి డీఎన్ఏ తీస్తారు. 35 సైకిళ్లు, 1.5 శాతం అగరోజ్ జెల్.

నాలుగు ఫారాల లివర్లూ పాజిటివ్. ఆ రిపోర్టు మీదే చాలా దర్యాప్తులు ఆగిపోతాయి. కానీ నకిరేకల్ వైపు ఆరోగ్యంగా ఉన్న ఐదో ఫారం క్లోయకా స్వాబ్‌లు కూడా పాజిటివే! అడెనోవైరస్‌లు ఆరోగ్యమైన కోళ్ల పేగుల్లోనూ, సీకల్ టాన్సిల్‌లోనూ తిరుగుతుంటాయి. అందుకే పేగు శాంపిల్ పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బు కారణం దొరికినట్టు కాదు. రియల్ టైమ్ పీసీఆర్‌లో జబ్బు లివర్ల సీటీ 17 నుంచి 20 మధ్య ఉంది. ఈ అంకె ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ, అంటే ఇక్కడ వైరస్ భారీగా ఉంది. ఐదో ఫారం స్వాబ్‌లకు 34 వచ్చింది, లివర్లు నెగెటివ్. సీక్వెన్స్ చేస్తే స్వాబ్‌లో ఉన్నది వేరే టైపు.

ఇక నాలుగు ఫారాల ఎల్1 సీక్వెన్స్‌లు అచ్చం ఒక్కటిగా వచ్చాయి. సంతోషపడే ముందు అనుమానించాల్సింది ల్యాబునే. అంతకుముందు చేసిన పాజిటివ్ కంట్రోల్ తుంపర గాలిలోకి చేరితే ఆ రోజు చేసిన ప్రతి ట్యూబూ ఒకే సీక్వెన్స్ చూపుతుంది. కాబట్టి మూడు పనులు చేశారు. డీఎన్ఏ తీసే దశ నుంచే ఖాళీ ట్యూబు ఒకటి కలిపి చివరిదాకా నడిపారు, అది శుభ్రంగా వచ్చింది. ల్యాబు పాజిటివ్ కంట్రోల్ టైపు 4ది, ఫారాలది వేరు. రెండు ఫారాల శాంపిళ్లను కోడు నంబర్లు మార్చి, ఇంకో రోజు, ఇంకో గదిలో తిరిగి చేయించారు. ఫలితం మారలేదు.

సీక్వెన్స్‌ను రెండు వైపుల నుంచీ చదివించి, మొదట్లోనూ చివర్లోనూ 30, 40 బేసులు కత్తిరించి, మిగిలినదాన్నే పోల్చారు. జడ్చర్ల శాంపిల్ క్రోమాటోగ్రామ్‌లో (ఒక్కో బేసునూ ఒక్కో శిఖరంగా చూపే గీతలో) ఒకచోట ఒక శిఖరం కింద ఇంకో చిన్న శిఖరం ఉంది. సాఫ్ట్‌వేర్ పెద్ద శిఖరం అక్షరాన్ని రాసేసి ముందుకు పోతుంది. కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఇలా ఒక్కచోట ఉంటే యాదృచ్ఛికం కావచ్చు. పది, పదిహేను చోట్ల ఉంటే ఆ పిల్లలో రెండు టైపులు కలిసి ఉన్నట్టు, క్లోన్ చేసి విడదీయాల్సిందే. ఇక్కడ ఒక్కచోటే ఉంది, తిరిగి చేస్తే పోయింది.

టైపు 11, స్పీసీస్ డి. ఈ నంబర్ల దగ్గర ఓ గుంట ఉంది. ఫౌల్ అడెనోవైరస్‌లు ఎ నుంచి ఇ దాకా ఐదు స్పీసీస్‌లు, వాటిలో పన్నెండు టైపులు. పాతరోజుల్లో యూరప్, అమెరికా నంబర్ పద్ధతులు వేరువేరుగా ఉండేవి. సీక్వెన్స్‌లు దాచే అంతర్జాతీయ భాండాగారం జీన్‌బ్యాంక్‌లోని పాత ఎంట్రీల పేరు చూసి టైపు రాస్తే దారి తప్పుతారు. పేరు తెలిసిన రిఫరెన్స్ స్ట్రెయిన్ల పక్కన పెట్టే పోల్చాలి. టైపు 11కు అది 380 స్ట్రెయిన్, 8బికి 764.

చలాన్ల కట్ట

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది సీక్వెన్సర్ కాదు, హ్యాచరీ ఆఫీసులో దుమ్ముపట్టిన సెట్టింగ్ షీట్లు.

డెలివరీ చలాన్‌లో హ్యాచరీ పేరు, పిల్లల సంఖ్య, వ్యాన్ నంబర్ ఉంటాయి. పేరెంట్ షెడ్డు ఉండదు. సెట్టింగ్ షీట్‌లో ఏ రోజు ఏ పేరెంట్ గుడ్లు ఏ సెట్టర్‌లో (పొదిగే యంత్రంలో) పెట్టారో ఉంటుంది. పిల్లలు తీసిన రోజు షీట్‌లో ఏ హ్యాచర్ (గుడ్లు పగిలి పిల్లలు వచ్చే యంత్రం) నుంచి ఎన్ని పెట్టెలు ఏ వ్యాన్‌లోకి ఎక్కాయో ఉంటుంది. మూడూ కలిపి చదివితేనే దారి కనిపిస్తుంది. చిట్యాల చలాన్ మీద సూపర్‌వైజర్ చేతిరాతతో "పి-7" అని ఉంది, అది ఒక పేరెంట్ షెడ్డు పేరు. పిల్లలు తీసిన షీట్ చూస్తే 6,000లో 1,400 పి-9 షెడ్డువి, లెక్క తక్కువ పడితే నింపారు. ఇది తెలియకుండా "పి-7 పిల్లలు 6.1 శాతం చచ్చాయి" అని రాస్తే ఆ శాతమే తప్పు.

లెక్క వెనక్కి కట్టాలి. జబ్బు 16వ రోజున కనబడింది. పొదిగే కాలం 21 రోజులు. కోల్డ్ రూమ్‌లో గుడ్డు మూడు నుంచి ఆరు రోజులు నిలిచింది. అంటే ఆ గుడ్డు పెట్టింది జబ్బుకు 40 నుంచి 43 రోజుల కిందట. నాలుగు ఫారాలకూ ఇలా కడితే అన్నీ వచ్చి ఒకేచోట పడ్డాయి: పి-7 షెడ్డు తల్లులు 29 నుంచి 32 వారాల వయసులో పెట్టిన గుడ్లు. అదే పి-7 షెడ్డు 26, 27 వారాల గుడ్ల పిల్లలు వెళ్లిన రెండు ఫారాల్లో ఏమీ లేదు. 35వ వారం తర్వాతి గుడ్ల పిల్లల్లోనూ లేదు. పి-9 గుడ్ల పిల్లలు మాత్రమే వెళ్లిన నకిరేకల్ ఫారంలో ఏ వారమూ లేదు.

ఈ నమూనా గుడ్డు ద్వారా దిగే వైరస్‌ది. పెట్ట గుడ్లు పెట్టే వయసులో తొలిసారి ఈ వైరస్ బారిన పడితే పైకి ఏ జబ్బూ కనిపించదు, గుడ్ల లెక్క తగ్గదు. యాంటీబాడీలు లేచేదాకా కొన్ని వారాలపాటు వైరస్ గుడ్డులోకి దిగుతుంది, తర్వాత ఆగుతుంది. కొన్ని పిల్లలు వైరస్‌తోనే పుట్టి, రెట్టతో షెడ్డంతా పంచుతాయి. తల్లి నుంచి యాంటీబాడీలు రాని తోటి పిల్లలు రెండో, మూడో వారంలో ఒక్కసారిగా కూలుతాయి. 16వ రోజు ఎందుకన్నదానికి జవాబు ఇదే. గుడ్లను ఫార్మలిన్‌తో ఫ్యూమిగేట్ చేశామని హ్యాచరీ వాళ్లు చెప్పింది నిజమే. ఆ పొగ పెంకు మీది వైరస్‌ను చంపుతుంది, పెంకు లోపలికి పోదు.

ఫారిన్ లైనుకు ఏం పాత్ర

పి-7, పి-9 రెండూ ఒకే గ్రాండ్ పేరెంట్ మంద పిల్లలు. ఒకే దిగుమతి లైను. జబ్బు లైనుతోనే వచ్చి ఉంటే ఒకటి పడి ఇంకొకటి ఎందుకు నిలిచింది?

జవాబు ఫ్రీజర్‌లో ఉంది. కొక్కెర తెగులు, గంబోరో టైటర్ల (యాంటీబాడీ లెక్కల) కోసం పేరెంట్ మందల నుంచి తీసిన సీరం మిగులును మైనస్ 20 డిగ్రీల వద్ద తేదీ వేసి దాచారు. ఆ సీరంను ముందు ఎలిజాతో, తర్వాత టైపు 11 వైరస్ న్యూట్రలైజేషన్‌తో (సీరం ఆ టైపు వైరస్‌ను అడ్డుకుంటుందో లేదో తేల్చే పరీక్షతో) చూశారు. ఎలిజా అడెనోవైరస్ గుంపు మొత్తానికి యాంటీబాడీ చూపుతుంది, ఏ టైపుదో చెప్పదు. ఎలిజా పాజిటివ్ వచ్చిన మంద టైపు 11కు రక్షణ లేకుండానే ఉండవచ్చు. కాబట్టి రెండో పరీక్ష తప్పదు.

పి-7లో 20 వారాల వయసున 20 సీరంలకు 20 నెగెటివ్. 28 వారాలకూ నెగెటివే. 34 వారాలకు 20కి 20 పాజిటివ్. గుడ్ల లెక్క చూపిన 29–32 వారాల కిటికీ సరిగ్గా ఆ మధ్యలో ఉంది. పి-9లో 20 వారాలకే 20లో 17 పాజిటివ్. పి-9 పెరిగింది పాత ఫారంలో, పక్క షెడ్లలో వేరువేరు వయసుల కోళ్లు. పెరిగే వయసులోనే ఈ వైరస్‌ను ఎదుర్కొని, గుడ్డు పెట్టే వేళకు యాంటీబాడీలతో సిద్ధమయ్యాయి. పి-7 పెరిగింది కొత్త షెడ్డులో, గట్టి బయోసెక్యూరిటీలో. శుభ్రమైన గ్రాండ్ పేరెంట్ నుంచి పుట్టి, శుభ్రమైన షెడ్డులో పెరిగి, ఒక్క యాంటీబాడీ లేకుండా గుడ్ల దశకు వచ్చి, అక్కడ స్థానిక వైరస్‌ను కలిసింది. దిగుమతి లైను మోసుకొచ్చింది వైరస్‌ను కాదు, ఈ వైరస్‌కు అలవాటు లేని రక్తాన్ని.

గ్రాండ్ పేరెంట్ మంద సీరం దిగినప్పటిదీ, 40 వారాలప్పటిదీ ఉన్నాయి, రెండూ టైపు 11కు నెగెటివ్. ఇక్కడితో మూసేయవచ్చా? పూర్తిగా మూయలేం. అడెనోవైరస్ కొన్ని మందల్లో యాంటీబాడీ కనబడకుండానే దాగి ఉండి, గుడ్లు జోరందుకునే ఒత్తిడిలో బయటపడుతుంది. ఈ సందు మూయాలంటే వైరస్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) చదవాల్సిందే. దిగుమతి కాగితాల్లోని హెల్త్ సర్టిఫికెట్ కూడా ఇక్కడ సాక్ష్యం కాదు, అది తనలో పేరున్న జబ్బులకే జవాబు చెబుతుంది.

పూర్తి జీనోమ్

ఎల్1 ముక్క టైపు చెబుతుంది, దారి చెప్పదు. ప్రపంచంలో ఎక్కడి టైపు 11 తీసుకున్నా ఆ చిన్న ముక్కలో పెద్దగా తేడా ఉండదు. "జీన్‌బ్యాంక్‌లో ఫలానా దేశం వైరస్‌తో 99 శాతం కలిసింది, కాబట్టి అక్కడి నుంచే వచ్చింది" అని రాసే రిపోర్టులు ఈ పొరపాటులోనే పడతాయి. జీన్‌బ్యాంక్‌లో ఏ దేశం ఎక్కువ సీక్వెన్స్‌లు పెడితే ఆ దేశమే దగ్గరగా కనిపిస్తుంది. పైగా ఈ వైరస్‌లు ఒకదానితో ఒకటి జీన్‌లు మార్చుకుంటాయి. హెక్సాన్ ఒక టైపుది, ఫైబర్ ఇంకో టైపుది అయిన రకాలు 8ఎ, 8బిల మధ్య తెలిసినవే. ఒక్క జీన్ చెట్టు ఒక్క జీన్ కథే చెబుతుంది.

జీనోమ్ సుమారు 45 వేల బేస్ జతలు. లివర్ డీఎన్ఏను నేరుగా సీక్వెన్సర్‌లో వేస్తే చదివినవాటిలో అత్యధికం కోడి డీఎన్ఏనే, ఎందుకంటే కోడి జీనోమ్ వంద కోట్ల బేసులకు పైనే. అందుకే నూరిన ద్రవాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టర్ దాటించి, డీఎన్‌ఏజ్‌తో బయటి డీఎన్ఏను కరిగించి, తర్వాతే వైరస్ ప్రొటీన్ తొడుగు పగలగొట్టి డీఎన్ఏ తీశారు. ఆ తొడుగులోని డీఎన్ఏకు ఆ ఎంజైమ్ తగలదు. ప్రతి బేసునూ కనీసం వందసార్లు చదివేలా చూసుకున్నారు.

నాలుగు ఫారాల వైరస్‌ల మధ్య మొత్తం జీనోమ్‌లో తేడా సున్నా నుంచి రెండు బేసులు. పోల్చడానికి ఇంకో రెండు రకాల వైరస్‌లు తెచ్చారు. ఒకటి, ఈ హ్యాచరీతో సంబంధం లేని ఫారాల నుంచి గతంలో మైనస్ 80లో దాచిన టైపు 11. వాటితో తేడా వందల్లో ఉంది. రెండోది, పి-7 షెడ్డుకు దగ్గరలోని పాత లేయర్ ఫారం రెట్టలో దొరికిన టైపు 11. దానితో తేడా ఐదు బేసులు. ఫైబర్ జీన్ విడిగా చూసినా అదే చెప్పింది. డీఎన్ఏ వైరస్ మెల్లగా మారుతుంది కాబట్టి ఐదు బేసుల దూరం దగ్గరి చుట్టరికమే.

ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో మాత్రం సీక్వెన్స్ చెప్పలేదు. లేయర్ ఫారం నుంచి పి-7కు రావచ్చు, పి-7 నుంచి అటూ పోవచ్చు, ఇద్దరికీ మూడోచోటు నుంచి అంటవచ్చు. ఇక్కడ మళ్లీ కాగితమే ఆదుకుంది. పి-7 గేటు రిజిస్టర్‌లో 28వ వారంలో ఏరివేత కోళ్లను ఎత్తుకుపోయిన లారీ ఉంది. అదే లారీ ముందురోజు ఆ లేయర్ ఫారంలో ముసలి కోళ్లను ఎత్తింది. లారీతో వచ్చిన బోనులు కడగలేదు. లేయర్ ఫారం కోళ్లు ఏడాదికి పైబడినవి, ఆ వైరస్ అక్కడ పాతదే.

ఏం మార్చారు

జబ్బు పిల్లలకు మందు లేదు. నీళ్లు, గాలి, పొడి ఊక, తొక్కిసలాట లేకుండా చూడటం, అంతే. ఆ ఆరు రోజుల్లో యాంటీబయోటిక్ పోయడం వృథా.

షెడ్డు శుభ్రంలో ఒక మాట. ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు. అందుకే చాలా ఫారాల్లో అలవాటుగా కొట్టే క్వాటర్నరీ అమోనియం మందులు దీనిమీద అంతగా పనిచేయవు. గ్లూటరాల్డిహైడ్, అయోడోఫోర్, పెర్‌ఆక్సీమోనోసల్ఫేట్ వంటివి కావాలి. అదీ ఊకంతా తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక. రెట్ట మీద కొడితే ఏదీ పనిచేయదు. పక్కలు తెరిచి ఉన్న మన బ్రాయిలర్ షెడ్లలో ఫార్మలిన్ పొగ పెట్టడం దండగ, పొగ నిలవదు. మూసే గుడ్ల గదికి అది సరిపోతుంది: వంద ఘనపుటడుగులకు 40 ఎం.ఎల్. ఫార్మలిన్, 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ అన్నది ఒక వంతు. పర్మాంగనేట్ మీద ఫార్మలిన్ పోయాలి, లోతైన మట్టి పాత్రలో, పోసి వెంటనే బయటికి రావాలి.

అసలు మార్పు పేరెంట్ దగ్గర. టైపు కలిసే చంపిన వైరస్ టీకా గుడ్లకు ముందే రెండు మోతాదులు, 10–12 వారాలకు ఒకటి, 17–18 వారాలకు ఒకటి. టీకా వేసి ఊరుకోకుండా 22 వారాలకు 20 సీరంలపై న్యూట్రలైజేషన్ చేయించి, యాంటీబాడీ లేచిందో లేదో చూసుకోవాలి. సూది మందం, నూనె టీకా చల్లగా ఉండి గడ్డకట్టడం, పని త్వరగా ముగించాలని ఈకల మీదే పొడవడం, ఇవన్నీ ఆ పరీక్షలో బయటపడతాయి. యాంటీబాడీ లేవని మంద గుడ్లను విడిగా సెట్ చేసి, హ్యాచ్ రోజు చివర్లో తీసి, ఆ పిల్లలన్నిటినీ ఒకే ఫారానికి పంపాలి, నింపడానికి వేరే పెట్టెల్లో కలపకూడదు.

లారీ గేటు లోపలికి రావడం ఆపారు. ఏరివేత కోళ్లను సొంత బోనుల్లో గేటు దాకా తెచ్చి అక్కడ అప్పగిస్తున్నారు. పి-7 తర్వాత వచ్చే మందలకు 20, 24, 28, 32, 36 వారాల్లో 20 చొప్పున సీరంలు, పక్షానికి ఒకసారి ప్రతి పేరెంట్ షెడ్డు నుంచి పెంకులోనే చచ్చిన పది పిండాల లివర్లు మైనస్ 20లో దాస్తున్నారు. ఈ కేసులో పి-7 పెట్టల స్వాబ్‌లు తీసేసరికే అవి నెగెటివ్. వైరస్ దిగిన వారాలు అప్పటికే దాటిపోయాయి. పిండాల లివర్లు ఉండి ఉంటే నేరుగా గుడ్డులోనే వైరస్ దొరికేది. ట్యూబు మీద షెడ్డు నంబర్, తల్లి వయసు వారాల్లో, సెట్ చేసిన తేదీ మార్కర్‌తో కాకుండా పెన్సిల్‌తో లేబుల్ మీద రాస్తున్నారు. స్పిరిట్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది.